తేట

మంగళవారం పొద్దున్నే
మంచుపెట్టెలో పద్నాలుగు సీసాలు పేర్చుకుని సైకిలెక్కుతాను.
ముందు బడి, తర్వాత రొట్టెల కొట్టు,
తర్వాత రైళ్లు మానేసిన స్టేషనులో
ఇంకా మానెయ్యని కుళాయి.

కుళాయి మూతిని మంటతో కాలుస్తుంటే
పిల్లలు మూగుతారు, నీళ్లు కాలుతున్నాయని.
కాదర్రా,
మూతికంటిన మురికిని
ఊరి నీళ్ల నెత్తిన రుద్దకూడదు కదా.
తిప్పి రెండు నిమిషాలు వదిలేస్తాను.
రాత్రంతా గొట్టంలో నిద్రపోయిన నీరు పోవాలి,
మేలుకున్న నీరు రావాలి.
అందులో చిన్న మాత్ర వేస్తే గులాబీ రంగు.
ఆ గులాబీ ఎంత లేతగా ఉండాలో నా కళ్లకు తెలుసు.
కాగితం మాత్రం అంకెనే అడుగుతుంది.

హంగరీ మైదానంలో మా షారోష్‌తెలెక్
పటం మీద వేలిగోటి కింద దాక్కునేంత ఊరు.
పేరులోనే బురద ఉంది.
వెండెల్ గారు వారం వారం జాము సీసాలో
ఇంటి కుళాయి నీళ్లు పట్టుకొస్తారు,
ఆఫీసు కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి
"ఇది టీ అయితే పంచదారేది?" అంటారు.
పీపాలు చేసిన చేతులు, ఇప్పటికీ సీసా వణకదు.
ఇనుమండీ, పాత గొట్టాల తుప్పు,
శుద్ధికేంద్రం కొత్తదే, దారే పాతది,
మరక చొక్కాకే గానీ కడుపుకు కాదంటాను.
ఆయన సీసా మూత బిగించి
నేరుగా చౌరస్తాకు నడుస్తారు.

చౌరస్తాలో ఇనప సింహం నోట్లోంచి
నూట పదేళ్లుగా
ఎవరూ తోడకుండానే ఉబికే బావి.
గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు.
పెళ్లికూతురు చర్చి దాటాక మొదటి గుక్క అక్కడే తాగాలి.
నేనూ తాగాను.

ఆ సీసా కాగితమే జిల్లా ల్యాబు నుంచి ఆలస్యంగా వచ్చింది.
ఆర్సెనిక్: ముప్ఫై ఎనిమిది.
ఉండనిచ్చేది పది.
రంగు లేదు, వాసన లేదు.
రుచి?
ఊరంతా మెచ్చుకునే రుచే.

మేయరు నీళ్లు నమిలాడు.
పుచ్చకాయల పండగ దాటనీ అన్నాడు.
మా ముత్తాత ఈ నీళ్లే తాగి తొంభై మూడేళ్లు బతికాడన్నాడు.
బతికినవాళ్ల లెక్క అందరికీ నోటికొచ్చు,
మిగతా లెక్క చర్చి పుస్తకంలో,
ఆ బీరువా తాళం ఎవరూ అడగరు.

రొట్టెల కొట్టు బోగ్లార్కా నీళ్లోసుకుందని
ఊరందరికీ తెలుసు.
ఆ నీళ్లు ఏ నీళ్లని అడిగినవాళ్లు లేరు.
నిన్న బావి దగ్గర కనిపించింది,
రెండు క్యాన్లు నింపుకుని, నడుం మీద చెయ్యేసుకుని,
"బిడ్డకు మంచి నీళ్లు" అంది.
చెప్పాను.
కాసేపు క్యాన్ల వైపే చూసి
"మరగబెట్టుకుంటాలే."
మరగబెడితే పోదమ్మా,
చిక్కబడుతుంది.

ఆమె క్యాన్లు ఒంపలేదు. మొయ్యనూ లేదు.
అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

చెప్పడం మంచినీళ్ల ప్రాయం అనుకున్నాను.
సింహం మెడకు నేను కట్టిన బోర్డు
రెండు రాత్రుల్లో రెండుసార్లు పోయింది.
మూడోది ఇనప తీగతో కట్టాను.
వేళ్లు తెగాయి, అక్కడే కడుక్కున్నాను,
కడుక్కోవడానికి పరవాలేదు.
ఎదురు బెంచీ మీద వెండెల్ గారు,
ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని, ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి వంటింటి కుళాయి తిప్పాను.
గోధుమ రంగు.
గ్లాసు బల్ల మీద పెట్టి
నలుసులు దిగేదాకా కూర్చున్నాను.
పైన తేరింది తాగాను.

తుప్పు రుచి.
నాలుక ఇంకా సింహాన్నే తలుచుకుంటోంది.